పావు చుట్టు

మిషన్లు ఎనిమిది. పరీక్ష రాయడానికి వచ్చినవాళ్లు ఒంటి మీద ఫోనో మరొకటో దాచుకున్నారేమోనని గేటు దగ్గర అటూ ఇటూ తిప్పి చూసే చేతి మెటల్ డిటెక్టర్లు. వాటిలో ఐదు మోగడం మానేశాయి. తక్కిన మూడూ వాటికి ఇష్టమైనప్పుడు మోగేవి.

నేను క్యాంపస్‌లోని ఒక కాలేజీలో ఫిజిక్స్ ల్యాబు స్టోరు చూస్తాను. చెడిపోయిన మీటర్లు బాగుచేయడం నా ఉద్యోగంలో భాగం కాదు. ఏళ్ల తరబడి చేస్తూ వచ్చాను కాబట్టి భాగమైపోయింది. సెలవు రోజుల్లో మా కాలేజీ ఉద్యోగ పరీక్షలకు కేంద్రం అవుతుంది. ఆ పరీక్షల వ్యవహారం చూసే సారు ఒక మధ్యాహ్నం ఆ ఎనిమిదింటినీ గోనెసంచిలో తెప్పించి నా బల్ల మీద పెట్టించారు. ఆయనది కోస్తా జిల్లా. ఇక్కడికొచ్చి పాతికేళ్లయినా మాటలో 'అండీ' పోలేదు.

"ఏం సైంటిస్టు గారూ, వీటికి కాస్త ప్రాణం పోస్తారా? పోయినసారి ఒకడు బయటినుంచి జవాబులు వినడానికి చెవిలో శనగబద్దంత మిషను పెట్టుకుని హాల్లో కూర్చున్నాడండీ. మనవాళ్లు చూస్తూనే ఉన్నారు. ఈసారి గుండుసూది కూడా దాటకూడదు."

"చూస్తాను సార్."

"చూడటం కాదండీ, పట్టాలి."

అలాంటి చెవి మిషనే ఒకటి అగ్గిపెట్టెలో పెట్టి ఇచ్చారు, దీంతో పరీక్షించుకోమని. అగ్గిపెట్టెను సొరుగులో వేశాను.

విప్పి చూస్తే లోపలి చిప్పుల మీద నంబర్లు గీకేసి ఉన్నాయి. ఎవరూ నకలు చేయకుండా తయారుచేసినవాళ్లు చేసే పని అది. నంబరు లేకపోతే చిప్పు ఏదో తెలియదు, సర్క్యూటు బొమ్మ దొరకదు. కానీ పిడి అడుగున అంటించిన కాగితం మీద, అరిగిపోయిన అక్షరాల్లో, ఒక పేటెంటు నంబరు మిగిలి ఉంది.

కొత్త వస్తువు కనిపెట్టినవాడు దాని రహస్యాన్ని కాగితం మీద రాసి ఇవ్వాలి. బదులుగా కొన్నేళ్లు దాని మీద హక్కు అతనిదే. అదీ పేటెంటు. గడువు తీరాక ఎవరైనా వాడుకోవచ్చు. ఆ కాగితాలు కంప్యూటరులో ఊరికే దొరుకుతాయి. తార్నాకలో మెట్రో స్తంభాల పక్కనున్న జిరాక్సు షాపులో ప్రింటు తీయించుకున్నాను, పద్నాలుగు పేజీలు.

"ఏంది సార్, ఏమన్న కనిపెట్టిన్రా?" అని షాపాయన అడిగాడు.

"కనిపెట్టినోళ్లది చదువుతున్న."

"చదివితె ఏమొస్తది?"

"జూడాలె."

నేను ఇంటర్‌లో లెక్కలు తప్పి చదువు ఆపేసినవాణ్ణి. ఆ తర్వాత ముప్పై ఏళ్లుగా లెక్కలే నేర్చుకుంటున్నాను, ల్యాబులో మూలన పడేసిన పుస్తకాలతో. ఇంగ్లిష్ నెమ్మదిగా చదువుతాను. పేటెంటు ఇంగ్లిష్ ఇంకా నెమ్మది. ఒక్కో వాక్యం ముప్పావు పేజీ సాగుతుంది. సదరు తీగచుట్ట, సదరు సంకేతం, సదరు పిడి అంటూ మా నాయన ట్రంకు పెట్టెలో ఉండే భూమి కాయిదాల భాష లాగే ఉంటుంది. అలవాటైన భాషే అనిపించింది. హద్దులన్నీ గట్టిగా చెబుతారు, లోపల ఏముందో మాత్రం మనమే పోయి చూసుకోవాలి.

పేటెంటులో అన్నీ ఉంటాయి, అంకెలు తప్ప. ఎన్ని చుట్లు చుట్టాలి, ఎంత కరెంటు, ఎంత సేపు, ఏదీ చెప్పరు. చెప్తే హక్కు ఆ ఒక్క అంకెకే పరిమితమైపోతుందని భయం. ఆ ఖాళీలు నింపడమే నాకు నచ్చింది. ఒక పేటెంటు తనకు ముందొచ్చినవాటి నంబర్లు చెబుతుంది, అవి వాటికి ముందువి చెబుతాయి. అలా తాతల దాకా పోయాను. మొత్తం పదిహేడు చదివాను. నాలుగు నెలలు పట్టింది.

అర్థమైంది ఇది. మిషను తలలో రెండు తీగచుట్టలుంటాయి. ఒకదానిలో కరెంటు ఊగుతుంటే దాని ప్రభావం రెండోదానిలోనూ పుడుతుంది. రెండు గాజుల్ని కొంచెం ఒకదాని మీద ఒకటి ఎక్కించి పెట్టినట్టు ఆ చుట్టల్ని పెట్టి, మెల్లగా జరుపుతూ పోతే, ఒక్కచోట కూడికా తీసివేతా సరిసమానమై సున్నా వస్తుంది. అక్కడ మిషను మౌనంగా ఉంటుంది. లోహం దగ్గరికి రాగానే ఆ సున్నా చెదురుతుంది. ఎంత చెదిరితే మోగాలో తేల్చేది ఒక చిన్న మర. కందిగింజంత ఉంటుంది, సన్న స్క్రూడ్రైవరుతో తిప్పాలి. ఎక్కువ తిప్పితే గాలికి కూడా మోగుతుంది. తక్కువైతే కత్తి పెట్టినా మోగదు.

చుట్ట వ్యాసం పది సెంటీమీటర్లు, నలభై చుట్లు. సెకనుకు ఇరవై ఏడు వేల ఊపులు రావాలని లెక్క కట్టాను. కొలిస్తే ఇరవై ఆరు వేల నాలుగు వందలు వచ్చింది, నా లెక్కకు అంత దగ్గరగా. ఆ సాయంత్రం ఇంటికి నడిచే వెళ్లాను. బస్సులో ఎవరితోనైనా మాట్లాడాల్సి వస్తుందేమోనని.

నా చెల్లెలు రామంతాపూర్‌లో ఉంటుంది. నాకంటే ఆరేళ్లు చిన్న. ప్రైవేటు స్కూల్లో టీచరుగా చేసేది. ఆ స్కూలు మూతపడింది. ప్రభుత్వ హాస్టల్లో వార్డెను ఉద్యోగం కోసం క్యాంపస్ రీడింగు హాల్లో, తన వయసులో సగం ఉన్న పిల్లల మధ్య కూర్చుని చదివేది. అప్పటికి మూడుసార్లు రాసింది. మూడోసారి ఒకటిన్నర మార్కుతో పోయింది. ఈసారి నోటిఫికేషను వచ్చేనాటికి వయసు హద్దుకు పదకొండు రోజులు మిగిలాయి. ఇది పోతే ఇంకొకటి లేదు.

మధ్యాహ్నం ఒంటిగంటకు టిఫిను డబ్బా పట్టుకుని నా స్టోరుకు వచ్చేది. తినేటప్పుడు లెక్కలు చెప్పించుకునేది. ఎడమ కాలు కొంచెం ఈడ్చి నడుస్తుంది. హబ్సిగూడలో దిగుతుండగా బస్సు కదిలి పడిపోయింది, ఆరేళ్లయింది. తొడ ఎముకలో స్టీలు రాడు వేశారు.

బల్ల మీద విప్పి పెట్టిన మిషన్లు చూసి ఒకరోజు నవ్వింది.

"గివేనా అన్నా, గేటు కాడ మా మీద తిప్పేటివి?"

"ఆ, గివే."

"ఉత్త డబ్బలు. నా కాలుల మూరెడు రాడున్నది. మూడు పరీక్షలు రాసిన, ఒక్కపారన్న కుయ్యిమన్లే."

"తొడల అంటె మూడంగుళాల లోతుంటది చెల్లె. గంత లోతుకు వీటికి అందదు."

"డబ్బలకు నువ్వు మస్తు వకాల్తా తీస్కుంటున్నవ్. ముందుగాల గీ లెక్క చెప్పు."

ఆమె వెళ్లాక నోటుబుక్కులో రాసుకున్నాను: తొడలో స్టీలు రాడు, లోతు మూడంగుళాలు, పాత అమరికలో మోగదు. పదహారో పేజీ. మిషన్ల బలహీనతకు అదొక కొలత అనుకున్నానే తప్ప, అది ఎవరి తొడ అన్న ఆలోచన ఆ పేజీలో లేదు.

ఎనిమిదీ బాగయ్యాక మర తిప్పే పని మొదలుపెట్టాను. సారు ఇచ్చిన అగ్గిపెట్టె తీయలేదు. పిన్నీసు దానికంటే సన్నది కదా, పిన్నీసును పడితే దాన్ని పట్టినట్టే అని నా తర్కం. ఇంట్లో కూర్చుని, పుల్లతో దూరం కొలుస్తూ, ఒక్కో వస్తువుకూ రాసుకున్నాను. నా భార్య పెట్టెలోంచి ఒక పాత మెట్టె తెచ్చి ఇచ్చింది.

"తిరిగిస్తవా, లేకుంటె దీనికి గూడ పేటెంటు రాస్తవా?"

"ఇస్త. గా గరిటె గూడ ఇయ్యరాదు."

"గరిటె పెట్టుకొని పరీక్షకెవరొస్తరు?"

"కొలతకు."

పిన్నీసు రెండంగుళాలు, మెట్టె రెండున్నర, స్టీలు గరిటె కాడ ఐదు. ఇరవై తొమ్మిదో పేజీ. అంతకు పావు చుట్టు తక్కువ తిప్పినప్పుడు పిన్నీసు ఒక అంగుళానికే మోగేది. ఆ పావు చుట్టుతో రెండు వచ్చింది. ఎనిమిది మిషన్లలోనూ సరిగ్గా అంతే తిప్పి, మరల మీద మైనపు చుక్క వేశాను.

పదహారో పేజీలో మూడు. ఇరవై తొమ్మిదో పేజీలో ఐదు. మధ్యలో పన్నెండు పేజీలు. ఆ రెండు అంకెల్నీ పక్కపక్కన పెట్టలేదు నేను. గరిటె కాడకూ రాడుకూ తేడా ఏముంటుంది?

పరీక్ష రోజు డ్యూటీ చేసేవాళ్లం అందరం ముందే ఒక కాగితం మీద సంతకం పెడతాం, మా దగ్గరి బంధువులెవరూ ఈ కేంద్రంలో రాయడం లేదని. నేను పెట్టిన వారం తర్వాత హాల్ టికెట్లు వచ్చాయి.

"అన్నా, మీ కాలేజిలనే పడ్డది నాకు!" అంటూ స్టోరుకు వచ్చింది. తర్వాత తనే గొంతు తగ్గించింది. "నీకేమన్న కష్టమైతదా?"

చెబితే ఆ రోజు డ్యూటీ నుంచి తీసేస్తారు, అంతే. శిక్షేమీ ఉండదు. కానీ నా మిషన్లు మొదటిసారి గేటు దగ్గర నిలబడే రోజు అది. సారుకు చెప్పలేదు.

"ఆ దినం నన్ను జూసి పల్కరియ్యకు," అన్నాను.

"సరే తియ్. నేను నిన్నెరగనే ఎరగ," అని నవ్వింది.

గేటు ఎనిమిదిన్నరకు తీస్తారు, తొమ్మిది నలభై ఐదుకు మూస్తారు. ఒక్క నిమిషం దాటినా లోపలికి రానివ్వరు. ఇది అందరికీ తెలిసిందే. ఆడవాళ్ల గేటుకూ మగవాళ్ల గేటుకూ మధ్య అరవై అడుగులు. నేను బ్యాటరీల పెట్టె పట్టుకుని మగవాళ్ల వైపు నిలబడ్డాను. ఇటువైపు బెల్టు బకిల్, గొలుసు, ఒకటి రెండు మోతలతో అయిపోయేది. అటువైపు ఆగకుండా మోగుతూనే ఉంది. పుస్తెలు, మెట్టెలు, చీర కుచ్చిళ్ల పిన్నీసు, భుజం మీద పిన్నీసు, జాకెట్టు హుక్కులు. చెకింగుకు పెట్టిన ఆమె గొంతు నాకు వినిపిస్తూనే ఉంది.

"మెట్టెలు తియ్యాలమ్మా."

"ఎట్ల తీస్త? వేలుకు పట్కపోయినయ్ అక్కా, పదేండ్లాయె."

"గైతే సబ్బు రాసి తియ్యి, నన్నేం జెయ్యమంటవ్? నేను వెట్టిన్నా మిషన్ల మోత?"

వరస రోడ్డు దాకా పెరిగింది. ఒక్కొక్కరికీ ఎన్ని సెకన్లు, ఎంతమంది, ఎన్ని నిమిషాలు అన్నది మా చెల్లెలికి నేను నెలల తరబడి చెప్పిన లెక్కే. దాన్ని ఆ గేటుకు వేసి చూడలేదు. తొమ్మిది దాటాక సారు వచ్చారు.

"ఏం మాస్టారూ, మీ మిషన్లు ఊపిరి పీల్చినా కూస్తున్నాయే!"

"పట్టాలన్నారు కదా సార్."

"అన్నానండీ, అన్నాను," అని రుమాలుతో మెడ తుడుచుకుంటూ వెళ్లారు.

తొమ్మిది ఇరవైకి, రెండు నిమిషాలు అటో ఇటో, అటువైపు నుంచి ఒక మోత వచ్చింది. పిన్నీసుకు మిషను చిన్నగా తెగి మోగుతుంది. ఇది తెగలేదు, పొడవుగా, ఒకే స్థాయిలో సాగింది. లోపల, లోతులో, పెద్ద లోహం ఉంటేనే అలా మోగుతుంది. నాలుగు నెలలుగా ఆ శబ్దాలతో ఉన్న చెవి నాది. తల తిప్పాను. చెకింగు గుడారం బట్ట అడ్డం ఉంది, మనిషి కనిపించలేదు. బాగా పట్టింది, అనుకున్నాను. సంతోషపడ్డాను. ఈ సంగతి ఇప్పటివరకు ఎవరికీ చెప్పలేదు.

గుడారంలో జరిగింది తర్వాత చెల్లెలే చెప్పింది.

"నా కాలుల రాడున్నదమ్మా," అన్నదట చెకింగు ఆమెతో.

"కాయిదమున్నదా?"

"లేదు. ఇంతకుముందు ఎన్నడు మోగలే."

"గట్లెట్ల మోగదు? గిప్పుడు మోగుతున్నది గద."

చీర పైనుంచి తడిమితే వస్తువేదీ దొరకలేదు. వస్తువు దొరకకుండా మోగితే మహిళా కానిస్టేబులు లోపలికి తీసుకెళ్లి చూడాలని నియమం. ఉన్నది ఒక్కతే కానిస్టేబులు. రోడ్డు మీద వరస తోసుకుంటుంటే అక్కడికి పోయింది. చెల్లెల్ని పక్కన ప్లాస్టిక్ కుర్చీలో కూర్చోబెట్టారు. వరస తరగడం లేదని తొమ్మిది ముప్పై ఐదుకు సారు చెయ్యి ఊపి, హాల్ టికెట్ చూసి వదిలేయమన్నారు. ఆ తర్వాతి వాళ్లంతా మిషను తగలకుండానే లోపలికి పరుగెత్తారు. కుర్చీలో కూర్చోబెట్టిన మనిషిని లేవమని చెప్పేవాళ్లు లేరు. ఆమె రెండుసార్లు లేచింది. చెకింగు ఆమె, "మేడమొచ్చేదాంక కూసోమ్మా, నా మీదికి తేకు," అన్నదట.

గుడారం సందులోంచి నేను కనిపించానట ఆమెకు. బ్యాటరీల పెట్టెతో, నవ్వుతూ సారుతో మాట్లాడుతున్నానట.

"ఎందుకు పిలవలే?" అని అడిగాను, ఆ సాయంత్రం.

"ఎట్ల పిలుస్త? నువ్వు సంతకం పెట్టినవ్ గద. నీ నౌకరి పోతదనుకున్న."

విజిల్ వేసి తలుపులు మూశాక, పెట్టె సర్దుకుంటూ ఆ వైపు వెళ్లి చూశాను. కుర్చీలో చేతిలో హాల్ టికెట్‌తో కూర్చుని ఉంది. తొమ్మిది యాభై. నన్ను చూసి అప్పుడు కూడా మొహం పక్కకు తిప్పుకుంది, మాట ప్రకారం.

సారు దగ్గరికి పరుగెత్తి ఉన్నదంతా చెప్పాను. రాడు, మిషను, సంతకం. ఆయన కళ్లజోడు తీసి చాలాసేపు దాన్నే తుడిచారు.

"ఆవిడ మీ సొంత చెల్లెలా?"

"అవును సార్."

"మరి ముందే చెప్పొచ్చు కదండీ. చెప్పుంటే నేనే దగ్గరుండి పంపేవాణ్ణి. ఇప్పుడు తలుపు తీస్తే, సంతకం దాచి చెల్లెల్ని ఎక్కించుకున్నారంటారు. మీరూ పోతారు, నేనూ పోతాను, ఆవిడ పేపరూ చెల్లదు." కళ్లజోడు పెట్టుకుని గడియారం చూశారు. "నిమిషం దాటిందండీ."

ఆయన చెడ్డవాడు కాదు. ఆ పరిస్థితిలో నేనున్నా తలుపు తీసి ఉండేవాణ్ణి కాదు.

ఎక్స్‌రే, డాక్టరు చీటీ జతచేసి అర్జీ పెట్టాం. రెండు నెలలకు మళ్లీ ఒకటి పెట్టాం. జవాబు రాలేదు. ఈలోగా ఆ పదకొండు రోజులు ఎప్పుడో అయిపోయాయి. ఆమె రీడింగు హాలుకు రావడం మానేసింది. ఒంటిగంటకు నేను స్టోరులో ఒక్కణ్ణే తినేవాణ్ణి.

ఒక ఆదివారం ఫోను చేసింది.

"అన్నా, గా మిషనొకటి పట్టుకరా."

"ఎందుకు?"

"నువ్వు తే."

రామంతాపూర్‌లో ఆమెది రెండు గదుల ఇల్లు. మంచం మీద కాలు చాపుకుని కూర్చుంది. మిషను తొడ మీద అంగుళం ఎత్తున పెట్టమంది. పెట్టాను. మోగింది. తెగకుండా, పొడవుగా, అదే మోత.

"ఇప్పుడు నాకు మోగకుండ చెయ్యి. జూస్త ఎంత తిప్పాల్నో."

మైనం గీకి, మర వెనక్కి తిప్పాను, చుట్టులో ఎనిమిదో వంతు. మోగింది. ఇంకో ఎనిమిదో వంతు. మోగలేదు. పైకీ కిందికీ తిప్పి చూశాను. మోగలేదు.

"ఎంత తిప్పినవ్?"

"పావు చుట్టు."

"గంతేనా?"

"గంతే."

ఆమె కాసేపు మిషను వైపు చూసింది. టీచరు చూపు అది, తప్పెక్కడో వెతికే చూపు.

"మరి గా చెవుల పెట్టుకునేటిది? గిట్ల తగ్గిస్తె దానికి మోగదు గద?"

నాకు తెలియదు. అగ్గిపెట్టె నా సంచిలోనే ఉంది. మిషన్లతో పాటు సారుకు తిరిగి ఇచ్చేయాలని సొరుగులోంచి తీసిపెట్టుకున్నాను, అంతకుముందు ఒక్కసారి కూడా తెరవలేదు. తెరిచి మంచం మీద పెట్టాను. మిషను దగ్గరికి తెచ్చాను. అంగుళమున్నర దూరంలో మోగింది. స్పష్టంగా, ఏ అనుమానం లేకుండా. దానిలోపల బ్యాటరీ ఉంటుంది, బ్యాటరీకి ఇనుప డొప్ప ఉంటుంది. పిన్నీసు కంటే ఎంతో తేలికగా దొరుకుతుంది. మూడో పేటెంటులోనే ఉంది ఆ ముక్క. వస్తువు సైజు కంటే ఆకారమూ లోహమూ ముఖ్యమని. దాని కింద నేనే గీత గీసి పెట్టుకున్నాను.

చెల్లెలు మిషను నా చేతిలోంచి తీసుకుంది. ఆ శనగబద్దంత దాన్ని పిడికిట్లో పట్టుకుని తిప్పింది, మోగింది. చెవి దగ్గర పెట్టుకుని తిప్పింది, మోగింది. కొంగులో ముడేసి తిప్పింది, మోగింది. తొడ మీద తిప్పింది. మోగలేదు.

"మరి గా పావు చుట్టు ఎందుకు తిప్పినవన్నా?"

అబద్ధం చెప్పడానికి సమయం ఇచ్చింది ఆమె. నేను తీసుకోలేదు.

"పిన్నీసు కోసం చెల్లె."

ఆమె కొంగు ముడి విప్పి, చెవి మిషను అగ్గిపెట్టెలో పెట్టి, పెట్టె మూసి నా వైపు జరిపింది. డిటెక్టరును మంచం అంచున పెట్టింది, స్విచ్చి వేసే ఉంది.

"కూసో, చాయ్ పెడ్త," అంది.

లేచి, ఎడమ కాలు కొంచెం ఈడుస్తూ, దాని పక్కనుంచే నడిచి లోపలికి వెళ్లింది. మిషను మోగలేదు.